రెండు పూటలు పిండి చూసి కొన్న సాఫ్ట్‌వేర్

మొన్న మా చెల్లెలి మనవడి పుట్టినరోజుకు అందరం వరసగా నిలబడి ఫోటో దిగాం. దిగాక చూస్తే, నీళ్ల క్యాను భుజాన పెట్టుకుని మా వెనకగా పోతున్న ఒక మనిషి కూడా దర్జాగా మా కుటుంబంలో చేరిపోయి ఉన్నాడు. మా చెల్లెలి కూతురు ఫోన్ అందుకుని ఆయన మీద వేలితో ఒకసారి రుద్దింది, అంతే, మనిషీ లేడు, క్యానూ లేదు, ఆయన నిలబడిన చోటికి గోడ దానంతట అదే వచ్చి కూర్చుంది. అంతటితో ఊరుకుందా అంటే లేదు, ఆ వేలిని నా ముఖం మీదికి కూడా తెచ్చి, నేను ఇన్నేళ్లు కష్టపడి సంపాదించుకున్న ముడతలన్నీ తుడిచేసి, నన్ను సబ్బు ప్రకటనలో పిల్లలాగా చేసి పెట్టింది. నాకు ఒళ్లు మండింది. నువ్వు పలక పట్టుకుని తిరిగే రోజుల్లోనే నేను ఈ పని చేసి ఇల్లు నడిపానే అంటే, "పెద్దమ్మా, నీకు కంప్యూటర్ గిట్ల వస్తదా?" అని పడీ పడీ నవ్వింది.

ఆ నవ్వుకు జవాబు చెప్పాలనే ఇది రాయడానికి కూర్చున్నాను. మన ఈడు వాళ్లు నవ్వరని నాకు తెలుసు, ఎందుకంటే ఫోటో అంటే స్టూడియోకి తల దువ్వుకుని వెళ్లి, స్టూలు మీద కూర్చుని, గడ్డం కాస్త పైకి, కాస్త కిందికి అని చెప్పించుకుని, రెప్ప వేయకుండా ఊపిరి బిగబట్టే పని అని మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి స్టూడియో ఒకటి పాతబస్తీ జహనుమాలో మాకు ఉండేది. రోడ్డు వైపు ఒక గది, అందులో మా ఆయన కెమెరా, లైట్లు, జలపాతం బొమ్మ వేసిన పరదా. దాని వెనక, సందులోకి వేరే తలుపు ఉన్న ఇంకో చిన్న గది, అందులో నేను. ముందు గదిలో ఎవరెలా కూర్చున్నా సరే, వాళ్లు పెళ్లిచూపులకు పనికొచ్చేటట్టు తయారయ్యేది మాత్రం నా గదిలోనే.

నేను పుట్టింది పాడి ఉన్న ఇంట్లో. మా బాపు, అంటే మా నాన్న, గేదెలు పెట్టుకుని జహనుమా చుట్టుపక్కల ఇళ్లకు పాలు పోసేవాడు, పదో తరగతితో నా చదువు ఆగింది, పెళ్లయి వచ్చాక మా ఆయనే నాకు టచింగ్ పని నేర్పారు. ఏటవాలుగా అద్దం బిగించిన ఒక చెక్క పెట్టె, అద్దం వెనక బల్బు, అద్దం మీద నెగెటివ్, చేతిలో ఉప్పుకాగితం మీద సూదిలాగా అరగదీసిన పెన్సిలు. నెగెటివ్‌లో లోకమంతా తిరగబడి ఉంటుంది కదా, నల్లటి జుట్టు తెల్లగా, తెల్లటి పళ్లు నల్లగా కనబడతాయి. ముఖం మీద నల్లమచ్చ ఉంటే నెగెటివ్‌లో అక్కడ తెల్లటి చుక్క ఉంటుంది. ఆ చుక్కను పెన్సిలుతో మెల్లమెల్లగా నల్లగా నింపితే ప్రింటులో మచ్చ మాయమవుతుంది. అంటే తెలుపు కావాలంటే నలుపు పెట్టాలి, అదీ మా పని. కొత్తలో బుర్ర తిరిగిపోయేది కానీ ఏళ్లు గడిచేసరికి ఎంతగా అలవాటైందంటే, ఎదురుగా మనిషి వచ్చి నిలబడినా ఆ మనిషి నెగెటివ్ ఎలా ఉంటుందో ముందు తోచేది. నా పెన్సిలు కింద ఎన్ని మొటిమలు, ఎన్ని అమ్మవారి మచ్చలు, ఎన్ని కళ్ల కింద గుంతలు పోయాయో లెక్కలేదు. జహనుమా నుంచి బార్కస్ దాకా ఆ రోజుల్లో కుదిరిన సంబంధాలలో సగం నా చేతి చలవేనని నేను ఇప్పటికీ అంటాను, మా ఆయన ఇప్పటికీ కాదనరు.

రంగుల ఫోటోలు వచ్చినప్పుడు పని కొంచెం తగ్గింది గాని పోలేదు, పాస్‌పోర్టు ఫోటోలకూ, పాత ఫోటోలను మళ్లీ తీసి బాగుచేయడానికీ నేను కావలసే వచ్చేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో డిజిటల్ కెమెరాలు వచ్చాయి చూడండి, అప్పుడు పడింది దెబ్బ. అసలు నెగెటివే లేకపోతే నేను దేని మీద పెన్సిలు పెట్టను? టచింగ్ చేయవలసిన ఫోటోలన్నీ కోఠీ దగ్గర ఒక ల్యాబుకు వెళ్లడం మొదలైంది. అక్కడ కుర్రాళ్లు కంప్యూటర్లో చేసి ఇచ్చేవాళ్లు, మా గిరాకీలు కూడా మెల్లగా నేరుగా అక్కడికే పోవడం నేర్చుకున్నారు. నా గదిలో అద్దం పెట్టె మీద దుమ్ము చేరింది. పొద్దున ఇంటిపని కాగానే అలవాటు కొద్దీ వెళ్లి అక్కడ కూర్చునేదాన్ని, కూర్చుని పెన్సిళ్లు అరగదీసేదాన్ని, మళ్లీ లేచి వచ్చేదాన్ని. పని లేని మనిషిని ఎవరూ ఏమీ అనకపోయినా ఇంట్లో ఎక్కడ నిలబడాలో తెలియదు, అది అనుభవిస్తేగాని అర్థం కాదు.

అప్పుడు రంగంలోకి దిగారు మా బావ, అంటే మా ఆయనకు అన్నగారు. మనిషి మంచివారే, కానీ ఖాళీగా ఉన్న గది కనబడితే ఆయనకు నిద్ర పట్టదు. దుకాణం గదిని మేం మల్గి అంటాం, ఆ మల్గి అన్నదమ్ములిద్దరిదీ. ముందుగా మాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఫోటోలు కడిగే మా డార్క్‌రూమ్ సామాను మొత్తం పాత సామాన్లు కొనే కబాడీ వాడికి వేసేశారు. తర్వాత ఒకరోజు చాయ్ తాగుతూ తాపీగా అసలు మాట తీశారు. "ఇంక స్టూడియోకు ఎవలొస్తరు తమ్మీ, రంజాన్ అయినంక ఈ మల్గి సెల్‌ఫోన్లోళ్లకు ఇచ్చేద్దాం. కిరాయి వస్తది, లొల్లి ఉండది." మా ఆయన తల వంచుకుని వింటున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. ఆ చాయ్ కప్పులు కడుగుతున్నప్పుడు నాకు వచ్చిన కోపం ఈ రోజుకీ పూర్తిగా చల్లారలేదు.

రంజాన్‌కు ఇంకా రెండు నెలలు ఉందనగా బార్కస్ నుంచి ఒక పెద్దాయన, ఆయనతో బుర్ఖాలో ఆయన చెల్లెలు వచ్చారు. వాళ్ల ఇంట్లో పిల్లలందరూ ఆమెను ఫుప్పు అంటారు, అంటే మేనత్త, నేనూ అలాగే అనేదాన్ని. పెద్దాయనను చాచా అనేవాళ్లం, వాళ్ల ఇంట్లో మగవాళ్ల పాస్‌పోర్టు ఫోటోలన్నీ మా దగ్గర తీసినవే. చాచా ముందు గదిలో కూర్చుండిపోయారు, ఫుప్పు తిన్నగా నా గదిలోకి వచ్చి, గుడ్డలో చుట్టిన ఒక పాత పాస్‌పోర్టు తీసి నా ఒళ్లో పెట్టింది. అది చాచా భార్యది. ఆయన గల్ఫులో పనిచేసే రోజుల్లో ఆమెను తీసుకుపోదామని చేయించారట, ఆమె విమానం ఎక్కకముందే ఆడపిల్లను కని కన్నుమూసింది. వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు ఫోటోలు దిగరు, కాబట్టి లోకంలో ఆమెకు మిగిలింది ఈ ఒక్క నలుపు తెలుపు ఫోటో, దాని మీద కూడా ఆఫీసు వాళ్ల గుండ్రటి ముద్ర ఎడమ చెంప మొత్తం కప్పేసి, ముక్కు దాకా వచ్చి ఉంది. ఆ పసిపిల్లకు ఇప్పుడు పెళ్లి కుదిరింది, రంజాన్ తర్వాత నికా. తల్లి ముఖం ముద్ర లేకుండా ఒక్కసారి చూడాలని ఆ పిల్ల అడిగిందట.

మా ఆయన పరదా అవతలి నుంచే, కోఠీ ల్యాబులో అయితే బాగా చేసి ఇస్తారని చెప్పారు. ఫుప్పు ఒప్పుకోలేదు. "ల్యాబ్ మే నక్కో బేటా, వాఁ సబ్ మర్దాఁ రైతే." అక్కడ అందరూ మగవాళ్లే, మా వదినను పరాయి మగవాడు చూడకూడదు, చేస్తే నువ్వే చేయాలి అని నా చెయ్యి పట్టుకుంది. నా దగ్గర డార్క్‌రూమ్ లేదు, కంప్యూటర్ లేదు, ఉన్నా వాడటం రాదు. అయినా ఆ చెయ్యి పట్టుకున్న తీరుకు నా నోటి నుంచి చేస్తానన్న మాట వచ్చేసింది, వచ్చాక గాని నాకు భయం వేయలేదు. ఆమె వెళ్లిపోయాక మా ఆయనతో చెప్పాను, ఈ ఫోటో నా చేతుల్లో బాగైతే ఈ గది నాది, కాకపోతే మీ అన్నగారు రేపే సెల్‌ఫోన్ల బోర్డు తగిలించుకోవచ్చు అని.

మా ఇంటి పై భాగంలో అప్పట్లో ఒక ఆంధ్రా కుటుంబం అద్దెకుండేది. ఆయనది కంచన్‌బాగ్‌లో ఉద్యోగం, ఆవిడను నేను అక్కా అనేదాన్ని. వాళ్లు కొత్త కంప్యూటర్ కొనుక్కుని పాతదాన్ని, దానితో పాటే స్కానర్నీ చిన్న ప్రింటర్నీ అమ్మేద్దామనుకుంటున్నారు. డబ్బు వీలునుబట్టి ఇవ్వండంటూ వాటిని కిందికి దింపి నా గదిలో పెట్టించారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అక్క వచ్చి నాకు మౌస్ పట్టుకోవడం నేర్పేది. నేను దాన్ని పెన్సిలు పట్టినట్టు మూడు వేళ్లతో బిగించి పట్టేదాన్ని. "అంత గట్టిగా నొక్కకండీ, అదేం పారిపోదు" అని ఆవిడ నవ్వేది. పేకముక్కల ఆట ఆడించి ఆడించి చేతికి కాస్త పట్టు వచ్చేలా చేసింది, ఆ పుణ్యం ఆవిడదే.

ఇక ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఏది పెట్టుకోవాలన్న దగ్గర మొదలైంది అసలు కథ. ఎవరిని అడిగినా అందరూ వాడే ఆ పెద్దదాని పేరే చెప్పారు. దాని అసలు డబ్బా కొనడమన్నది మాలాంటి వాళ్లు కలలో కూడా అనుకునేది కాదు, కాబట్టి అందరిలాగే మా ఆయన ఫుట్‌పాత్ మీద అమ్మే కాపీ సీడీ ఒకటి తెచ్చారు. అది ఆ పాత కంప్యూటర్లో తెరుచుకునే లోపల నేను చాయ్ పెట్టుకుని తాగి గ్లాసు కడిగి వచ్చేదాన్ని. తెరుచుకున్నాక చూస్తే అందులో ఉన్న బొమ్మల్లో నాకు తెలిసింది పెన్సిలు ఒక్కటే. నాలుగో రోజున సీడీతో పాటు వచ్చిన వైరస్ కంప్యూటర్ను మొత్తం పడుకోబెట్టింది, మెకానిక్ వచ్చి అంతా తుడిచి మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది. రంజాన్ నెల దగ్గరపడుతోంది. మా బావ సెల్‌ఫోన్ల వాళ్లను తీసుకొచ్చి మల్గి కొలతలు కూడా చూపించి పోయారు.

ఆ మర్నాడు పొద్దున బాపు పాలు పోయడానికి వచ్చి నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. నేను కంప్యూటర్ గురించి చెబుతుంటే బాపుకు ఏమర్థమైందో గాని, చివరికి ఒకటే అడిగాడు. "కొనే ముందు పిండి చూసిండ్రా బిడ్డా?" మా ఇళ్లల్లో పాడి గేదెను కొనేటప్పుడు ఒక ఆచారం ఉంది. కొమ్ములు చూసి, చర్మం నిగనిగ చూసి ఎవరూ డబ్బు ఇవ్వరు. సాయంత్రం ఒక పూట, తెల్లారి ఒక పూట, కొనేవాడి ఎదుట పాలు పిండి చూపించాలి. అమ్మేవాడు ఒక పూట పాలు పిండకుండా పొదుగు నింపి ఉంచి మోసం చేయవచ్చు, రెండో పూటకు మాత్రం దొరికిపోతాడు. అంతదాకా తాడు చేతులు మారదు. నాకు నవ్వొచ్చింది, సాఫ్ట్‌వేర్‌ను ఎలా పిండుతారు బాపూ అన్నాను. కానీ ఆ మాటను మధ్యాహ్నం అక్కతో నవ్వుతూ చెబితే ఆవిడ నవ్వలేదు. అలా పిండి చూసుకోవడానికే ట్రయల్ అని ఇస్తారండీ, నెల రోజులు ఉత్తగా వాడుకోవచ్చు, నచ్చితేనే డబ్బు, అని చెప్పింది.

అప్పట్లో కంప్యూటర్ పత్రికలకు వెనక అట్టకు ఒక సీడీ అంటించి ఇచ్చేవాళ్లు గుర్తుందా? ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు కుప్పలు పోసి అమ్మేవాళ్లు, మా ఆయన వెళ్లి సీడీ ఊడిపోనివి ఏరి తెచ్చారు. వాటిలో ఈ ట్రయల్ సరుకే నిండా ఉంది. ఫుప్పు ఇచ్చిన పాస్‌పోర్టును ఇంకా ముట్టదలచుకోలేదు, కాబట్టి నా పదో తరగతి హాల్‌టికెట్ తీశాను, దాని మీదా నా ముఖం మీద బడి వాళ్ల ముద్ర ఉంది. అన్నింటికీ అదే పరీక్ష, సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి. ఒకటి స్కానర్‌తో పాటు వచ్చినది, అది ఫోటో చుట్టూ గులాబీలు పెట్టడం తప్ప ఇంకేమీ చేయలేనంది. ఒకటి పూర్తిగా ఉచితం, పని చాలానే చేస్తుందన్నారు గాని, తెరవగానే ముక్కలు ముక్కలుగా కిటికీలు తెర నిండా చెల్లాచెదురయ్యేవి, ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి పారిపోయేది. మరొకటి సాయంత్రం పూట చకచకా తెరుచుకుని చెప్పింది చెప్పినట్టు చేసింది, పొద్దున తెరిచి చూస్తే దాచుకున్న ఫోటో మీద అడ్డంగా తన పేరు అచ్చు వేసి పెట్టింది. ఒక ముద్ర తీద్దామని కూర్చుంటే ఇంకో ముద్ర వచ్చింది, దాన్ని ఆ పూటే పంపించేశాను.

అయితే వీటన్నింటిలో నాకు ఒకటే చిత్రం కనబడేది. నా ముఖం మీద ముద్ర నల్లగా ఉందా, దాన్ని తెల్లగా చేద్దామని నేను మెత్తటి కుంచె తీసుకుని పనిచేస్తుంటే, ముద్ర పోవడం మాట అటుంచి ముఖమంతా మసిగుడ్డలా తయారయ్యేది. ఇది కూడా ఉల్టా చేస్తున్నది, ఇదీ పనికిరాదు అని ఒక్కొక్కదాన్ని పక్కన పడేశాను. అక్కకేమో ఎందుకలా అవుతుందో అంతు పట్టలేదు. చివరికి ఒకరోజు మా ఆయన ముందు గది నుంచి వచ్చి నా వెనక నిలబడి కాసేపు చూశారు. చూసి, గోడకు ఆనుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. "పిచ్చిదానా, అది నెగెటివ్ గాదే, ఫోటో! తెల్లగ కావాల్నంటే తెలుపే పెట్టాలె." నేను ఇన్ని రోజులూ తెలుపు కావాలంటే నలుపు పెట్టాలన్న పాత లెక్కతో ముద్ర మీద నలుపు పెడుతూ వచ్చాను. సాఫ్ట్‌వేర్లన్నీ నేను చెప్పిందే బుద్ధిగా చేశాయి పాపం.

తప్పు తెలిసింది గాని చెయ్యి మాట వినలేదు. తెలుపు పెట్టాలి, తెలుపు పెట్టాలి అని పైకి అనుకుంటూ మొదలుపెట్టినా, పనిలో పడగానే నా వేళ్లు నలుపు దగ్గరికే పోయేవి. అన్నేళ్ల అలవాటును రెండు వారాల్లో ఎక్కడ తిప్పను? ఒక మధ్యాహ్నం ఏడుపొక్కటే తక్కువగా కూర్చుని, సీడీల్లో మిగిలిన ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఊరికే ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుతుంటే, ఒక వరస చివర నాకు బాగా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటి కనబడింది. నెగెటివ్. నొక్కాను. తెర మీద నా పదో తరగతి ముఖం తెల్లటి జడలతో, నల్లటి పళ్లతో, ఒక్క క్షణంలో తిరగబడింది. ముద్ర ఉన్న చోట తెల్లటి గుండ్రటి గీతలు, సరిగ్గా నా అద్దం పెట్టె మీద కనబడినట్టే. "వచ్చింది! వచ్చింది!" అని నేను వేసిన కేకకు ముందు గదిలో స్టూలు మీద కూర్చున్న గిరాకీ లేచి నిలబడ్డాడట.

ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. కుంచెను సన్నగా, పలచగా పెట్టుకుని, తెల్లటి చోటును కొద్దికొద్దిగా నలుపుతో నింపుకుంటూ పోయాను, అదే ఊపిరి, అదే చెయ్యి. మళ్లీ ఆ మాటనే నొక్కి తిప్పి చూస్తే, ముద్ర లేని పదహారేళ్ల నా ముఖం నన్నే చూస్తోంది. పొద్దున పూట కూడా పిండి చూశాను, పొయ్యి మీద పాలు పొంగే లోపలే తెరుచుకుంది, దాచింది దాచినట్టే ఉంది, ఎక్కడా అచ్చు వేయలేదు. దాని అసలు డబ్బా వెల మా తాహతుకు అందేదే. మేం ఇద్దరం కోఠీకి వెళ్లి అడిగితే షాపాయన కాపీ సీడీ ఉందిగా, ఇదెందుకమ్మా అని వింతగా చూశాడు. రెండు పూటలు పిండి చూశానని చెప్పాను, ఆయనకేమీ అర్థం కాలేదు. ఆ నెగెటివ్ సదుపాయం మిగతా వాటిలోనూ ఎక్కడో ఒకచోట ఉండేదని చాలా కాలం తర్వాత తెలిసింది. అయినా నాతో నా భాషలో మాట్లాడినది ఇదొక్కటే, దాన్ని నేను వదల్లేదు.

రంజాన్ సగం గడిచాక ఫుప్పుకు కబురు పంపాను. సందు వైపు తలుపు నుంచి వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని, జపమాలలాంటి తస్బీ తిప్పుతూ కూర్చుంది. మా ఆయన మధ్య పరదా వేసేసి, అటు వైపు నుంచి ఏదైనా అడగాలన్నా ముందు దగ్గి మరీ అడిగేవారు. నేను ముఖాన్ని నెగెటివ్ చేసి పని మొదలుపెట్టాను. ముద్ర గీతలను నింపడం కష్టం కాలేదు, కానీ మధ్యలో ఇంకు ముద్దగా పడిన చోట చెంప అసలు లేనే లేదు, అక్కడ ఏముండేదో ఊహించి వేయాలి. నాకు తెలిసిన ఊహ ఒక్కటే, నున్నటి తెల్లటి చెంప. అన్నేళ్లూ అందరికీ వేసింది అదే కదా. అలాగే వేసి, తిప్పి చూపించాను.

ఫుప్పు తస్బీ ఆపేసింది. "ఇత్తి గోరీ నక్కో కరో అమ్మా, హమారీ భాబీ సావ్లీ థే." అంత తెల్లగా చేయొద్దు, మా వదిన చామనఛాయ అని ఆమె అంటున్నప్పుడు గొంతులో కోపం కూడా కొంచెం వినబడింది. చామనఛాయకు తగ్గించాను. ఆమె ఇంకా కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతూనే ఉంది. తన చెంప మీదే వేలు పెట్టి, ముక్కు పక్కన, ఇక్కడ, చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి మచ్చ ఒకటి ఉండేది అని చెప్పింది. ఎంత ఉండేదంటే మెంతి గింజంత అంది. జీవితమంతా మచ్చలు తీసిన చేత్తో నేను మొదటిసారి ఒక మచ్చ పెట్టాను. కొంచెం పైకి అంది, పైకి జరిపాను, ఇంకొంచెం లోపలికి అంది, జరిపాను. చెంప ఎముక ఇంకా తేలి ఉండేదని చెప్పింది, తేల్చాను. పని ఆపి తిరిగి చూశాను. ఫుప్పు కళ్లద్దాలు తీసేసి, తెరకు దగ్గరగా వంగి, నెమ్మదిగా ఎదుట ఉన్న మనిషిని పలకరించినట్టు "అస్సలామలైకుం భాబీ" అంది.

ప్రింటు తీసి బోర్లా పెట్టి కవరులో వేసి ఇచ్చాను. చాచా దాన్ని అక్కడ తెరవలేదు, రోడ్డు దాటి ఎదుటి గోడ వైపు తిరిగి నిలబడి చూసుకున్నారు. తిరిగి వచ్చి మా ఆయనతో, మీ ఇంటావిడ చేతులు సలామత్‌గా, క్షేమంగా ఉండాలి భాయ్ అని మాత్రం అని వెళ్లిపోయారు. పరదా వెనక నేను విన్నాను. ఆ రోజు నాకు కలిగిన గర్వాన్ని దాచుకోవలసిన అవసరం నాకు అప్పుడూ కనబడలేదు, ఇప్పుడూ కనబడటం లేదు.

రంజాన్ అయిపోయి పెళ్లిళ్లు మొదలైన నెలలో సందు వైపు తలుపు దగ్గర చెప్పులు పట్టలేదు. ఫోటోలు ఆడమనిషి దిద్దుతుందట, మగవాళ్ల చేతికి పోవట అన్న మాట ఫుప్పు నోటి మీదుగా బార్కస్ అంతా పాకింది. నానమ్మలవి, పెద్దమ్మలవి, చిరిగినవి, చెదలు తిన్నవి, సందూకు పెట్టెల అడుగున ఎవరికీ చూపించకుండా దాచుకున్న ముఖాలన్నీ నా గదికి వచ్చాయి. మా పాడి ఇళ్ల ఆడవాళ్లు, కంచన్‌బాగ్ కాలనీ ఆవిడలు కూడా వచ్చారు. సెల్‌ఫోన్ల వాళ్లు అడ్వాన్సు పట్టుకుని వస్తే మా బావ వాళ్లకు చాయ్ ఇప్పించి పంపేశారు. పంపేసి, వారం తర్వాత ఒక కవరు చేతిలో పెట్టుకుని నా గది గుమ్మం దగ్గర నిలబడి, "మా అమ్మ ఫోటో ఉన్నదమ్మా, జర చూస్తవా?" అని అడిగారు. ముందు వచ్చిన వాళ్లున్నారు బావా, కూర్చోండి అన్నాను. ఆయన బుద్ధిగా వరసలో కూర్చున్నారు, నేనూ తొందరపడలేదు. ఆ నెలాఖరుకు ఆయనే తన ఖర్చుతో సందు వైపు ఒక బోర్డు రాయించి పెట్టించారు, మహిళల ఫోటోలు మహిళ చేతనే కంప్యూటర్లో బాగు చేయబడును అని. నేను చాయ్ కప్పులు కడిగిన రోజు ఆ బోర్డు నా కళ్ల ముందు ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

ఆ గది చాలా ఏళ్లు నడిచింది. ఎవరూ మూయించలేదు, నా కళ్లకు చూపు తగ్గాక నేనే మూసుకున్నాను. ఇప్పుడు ఫోన్‌లో అయితే, ముఖంలో ఎక్కడ ఏ ముక్క పోయినా నింపడానికి ఎవరినీ పిలవనక్కరలేదు, పక్కన స్టూలు వేయనక్కరలేదు, అంత తెల్లగా వద్దని చెప్పే మనిషీ ఉండనక్కరలేదు. పని క్షణంలో అయిపోతుంది. ఆ మధ్య, తల్లి ముఖం చూడాలని అడిగిన ఆ బార్కస్ పిల్ల, ఇప్పుడు తనే తల్లి, తన కూతురిని వెంటబెట్టుకుని నన్ను చూడటానికి వచ్చింది. ఫుప్పు పోయిందని, చాచా అంతకుముందే పోయారని చెప్పింది. తర్వాత సంబరంగా కూతురి ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, అచ్చం మా అమ్మ చెంప కదా ఆంటీ, ఇంట్లో అందరూ అదే అంటారు, అంది. నేను చూశాను. ఎడమ చెంప. ముద్ర కింద ఏమీ లేని చోట, ఒక వదినను మరిచిపోని ఆడమనిషి చెబుతుంటే, నేను నలుపుతో నింపిన చెంప. ఎక్కడిదాకా ఆమెదో, ఎక్కడి నుంచి నా చేతిదో తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే. అవునమ్మా, అచ్చం మీ అమ్మదే అన్నాను.